తలుపు లేని పుట్ట

ఇంట్లో తయారు చేసుకున్న పాముల ర్యాక్‌కి ఏ హీటింగ్ సేఫ్? చూడటానికి ఇది షాపింగ్ ప్రశ్న. ఫ్రిజ్‌కి ఏ స్టెబిలైజర్ మంచిది లాంటిది. నాలుగు వస్తువుల పేర్లు, ధరలు, వాటేజీలు రాసుకుని ఒకదానికి టిక్ పెట్టేస్తే అయిపోవాలి. కానీ 'సేఫ్' అన్న మాట దగ్గర కాసేపు ఆగితే, ఎవరికి సేఫ్ అన్న ప్రశ్న బయటకొస్తుంది. ఇల్లు అంటుకోకూడదు, అది ఒకటి. పాము కాలకూడదు, అది రెండోది. పెంచేవాడు రాత్రిపూట నిశ్చింతగా నిద్రపోవాలి, అది మూడోది. సాధారణంగా ఈ మూడింటినీ ఒకే మాట కింద కలిపేస్తాం. విడదీసి చూస్తే మాత్రం, మనం నిర్మించిన లోకంలో బతికే ప్రాణికి మనం ఏం బాకీ ఉన్నాం అన్న పాత నైతిక ప్రశ్న, ఒక ప్లగ్ పాయింట్ పక్కన కూర్చుని కనిపిస్తుంది.

తెలియని వాళ్ళ కోసం: అమెరికాలో పాముల్నీ బల్లుల్నీ ఎక్కువ సంఖ్యలో పెంచేవాళ్ళు ఒక్కోదానికి ఒక్కో గాజు తొట్టి కొనరు. చెక్కతోనో మెలమైన్ పలకలతోనో బీరువాలాంటిది ఒకటి చేసుకుంటారు. దాని అరల్లోకి సొరుగుల్లా ప్లాస్టిక్ టబ్బులు దూరుతాయి. పై అర అడుగుభాగమే కింది టబ్బుకి మూత. ప్రతి టబ్బులో ఒక పాము, ఒక నీళ్ళ గిన్నె, దాక్కోవడానికి ఒక చిన్న గూడు. అర వెనకవైపు గాడి తీసి, ఆ గాడిలో వేడిచ్చే పట్టీ పరుస్తారు. ఇదీ ర్యాక్.

మా కాలేజీ రోజుల రూమ్మేటు ఒకడు డాలస్‌లో ఉంటాడు. వాడి దగ్గర ఆరు బాల్ పైథాన్లు ఉన్నాయి. పన్నెండు టబ్బుల ర్యాక్ మొదలుపెట్టి నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, ఏ హీట్ టేప్ తీసుకోమంటావ్? నువ్వు ఎలక్ట్రికల్ కదా."

"చదివింది ఎలక్ట్రికల్. రాసేది జావా."

"అబ్బా, చెప్పరా. కాలిపోకుండా ఉంటే చాలు."

ఆ 'కాలిపోకుండా ఉంటే చాలు' అన్న మాట నన్ను కొన్ని వారాలు వదల్లేదు. నిజంగా అది చాలా?

*

ముందు వేడి ఎందుకో చూద్దాం. స్కూల్లో మనకి పాముల్ని 'శీతల రక్త జంతువులు' అని చెప్పారు. ఆ మాట సగం తప్పుదోవ పట్టిస్తుంది. పాము రక్తం చల్లగా ఉండదు, చుట్టూ ఉన్న లోకం ఎంత వేడిగా ఉంటే ఇంచుమించు అంత వేడిగా ఉంటుంది. అలాగని గాలి ఎటు వీస్తే అటు ఊగే గడ్డిపోచ కూడా కాదు. 1944లో రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎడారి సరీసృపాల మీద ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ఒక మలుపు. ఈ జీవులు ఎండలోకి వచ్చి, నీడలోకి జరిగి, ఇసకలో దూరి, ఒళ్ళు ఎండకి అడ్డంగానో నిలువుగానో తిప్పుకుని తమ ఒంటి వేడిని ఒక ఇరుకైన హద్దులో పెట్టుకుంటాయని వాళ్ళు చూపించారు. మన ఒంట్లో థర్మోస్టాట్ లోపల ఉంది. వాటికి అది నడకలో ఉంది.

అదే పరిశోధన ఇంకో సంగతి కూడా చెప్పింది. చాలా సరీసృపాలకి ఇష్టమైన వేడికీ, చంపే వేడికీ మధ్య దూరం కొద్ది డిగ్రీలే. చల్లటి వైపు మాత్రం చాలా జాగా ఉంది. అంటే ఇవి హాయిగా బతికేది ఒక కొండ అంచు పక్కన. ఆ అంచు నుంచి వెనక్కి జరగగలగడమే వాటి నైపుణ్యం.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల పాము. ఘనా, టోగో, బెనిన్ నుంచి ఎన్నో ఏళ్ళుగా పెంపుడు జంతువుల వ్యాపారంలోకి వస్తోంది. విషం లేదు, భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. పెంపకంలో 20, 30 ఏళ్ళు బతుకుతుంది. పెంచేవాళ్ళు సాధారణంగా ఒక వైపు 31, 32 డిగ్రీల సెల్సియస్, ఇంకో వైపు 25, 26 ఉండేలా చూస్తారు. అడవిలో అది ఎలుకల బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ తలదాచుకుంటుంది. పుట్టలో పాము అన్నది మన ఊహ మాత్రమే కాదన్నమాట. ఈ పుట్ట దగ్గరికి మళ్ళీ వద్దాం.

*

ఇప్పుడు వాడి ప్రశ్న. వేడి బండలు, అంటే లోపల హీటింగ్ కాయిల్ పెట్టిన కృత్రిమ రాళ్ళు, అందరికన్నా ముందు కొట్టెయ్యాలి. అవి ఒక్కచోటే మండిపోతాయి, పొట్ట కాలిన పాముల్నీ బల్లుల్నీ వెటర్నరీ డాక్టర్లు చూస్తూనే ఉంటారు. బల్బులు, సిరామిక్ ఎమిటర్లు పైనుంచి వేడిస్తాయి. పెద్ద తొట్టికి బాగుంటాయి గానీ ఆరంగుళాల ఎత్తున్న ప్లాస్టిక్ టబ్బు మీద పెడితే టబ్బే కరుగుతుంది. మిగిలేవి మూడు: హీట్ టేప్, హీట్ కేబుల్, లేదా గదంతా వేడిగా ఉంచడం. ర్యాక్‌లకి ఎక్కువమంది వాడేది హీట్ టేప్. రెండు సన్నటి ప్లాస్టిక్ పొరల మధ్య కార్బన్ సిరా గీతలు, అంచుల్లో రెండు లోహపు పట్టీలు, అంతే. చవక, పలచన, కావలసినంత పొడవు కత్తిరించుకోవచ్చు. మడత పడకూడదు, తడి తగలకూడదు, తీగలు కలిపే చోట పట్టు గట్టిగా ఉండాలి.

ఇక్కడే ఒక మాట, హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో ఇది చదువుతున్న ఎవరికైనా ఉత్సాహం వస్తే. 120 వోల్టులకి చేసిన అమెరికన్ టేపుని మన 230 వోల్టుల్లో పెడితే రెట్టింపు వేడి కాదు, దాదాపు 3.7 రెట్లు. వోల్టేజీ వర్గానికి అనులోమంగా పవర్ పెరుగుతుంది, ఇంటర్ ఫిజిక్సే. పైగా మన దేశపు పాముల్నీ నక్షత్ర తాబేళ్ళనీ ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కాబట్టి నా మిత్రుడి ప్రశ్నని డాలస్‌లోనే ఉంచుదాం.

హీట్ టేపుకి తనంత తానుగా ఆగడం తెలీదు. దాన్ని ఆపేది థర్మోస్టాట్. "మంచిదే కొన్నాన్రా, ఖరీదైనది," అన్నాడు వాడు. ఇక్కడే ఇంజనీరు బుర్ర తిన్నగా నీతిశాస్త్రంలోకి వెళ్ళిపోతుందని నా అనుమానం. మంచి థర్మోస్టాట్ కూడా ఏదో ఒక రోజు పాడవుతుంది. పాము 25 ఏళ్ళు బతుకుతుంది. ఆ రిలే బతుకుతుందా? కాబట్టి అడగాల్సింది పాడవుతుందా అని కాదు, పాడైనప్పుడు ఎటువైపు పడుతుంది అని.

చాలా థర్మోస్టాట్లలో వేడిని కొలిచేది ఎన్‌టీసీ థర్మిస్టర్ అనే చిన్న గింజ. వేడి పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ఇప్పుడు ఆ తీగ తెగిందనుకోండి. నిరోధం అనంతం. అమాయకంగా రాసిన ప్రోగ్రాముకి దాని అర్థం ఒకటే: 'విపరీతమైన చలి'. అంటే కళ్ళు పోయిన మరుక్షణం అది హీటర్‌ని పూర్తిగా తెరిచేస్తుంది. తెలియకపోవడాన్ని చలి అనుకుంటుంది. మంచి ప్రోగ్రాములో దీనికి ఒక తనిఖీ ఉంటుంది: అంకె నమ్మశక్యంగా లేకపోతే ఆపెయ్. ఆ రెండు లైన్ల కోడ్‌లో ఉన్నది వినయమే. నాకు తెలియనప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటాను అని చెప్పడం.

ప్రోబ్ తెగకపోయినా జారిపోవచ్చు. పాము తలతో నెట్టొచ్చు. అప్పుడది టబ్బు వేడి కాకుండా గది వేడి కొలుస్తూ, "ఇంకా చల్లగానే ఉంది, ఇంకా కావాలి" అంటూనే ఉంటుంది. రిలే కాంటాక్టులు అతుక్కుపోతే స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. ట్రయాక్‌లు కూడా ఎక్కువగా షార్ట్ అయ్యే పాడవుతాయి, అంటే ఆన్ వైపే. చిత్రం చూడండి: ఏమీ చెయ్యకుండా వదిలేస్తే ఈ యంత్రం సహజంగా పడేది ప్రమాదం వైపు.

దీన్ని తిరగేసిన వాళ్ళు చరిత్రలో ఉన్నారు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో రైళ్ళకి మొదటి ఎయిర్ బ్రేకు పేటెంట్ తీసుకున్నాడు. అందులో గాలి పంపితే బ్రేకు పడుతుంది. గొట్టం పగిలిందా, బ్రేకే లేదు. కొన్నేళ్ళలోనే, 1872లో, ఆ తర్కాన్ని తలకిందులు చేశాడు: గొట్టంలో గాలి ఉన్నంతసేపూ బ్రేకు వదులుగా ఉంటుంది, గాలి పోతే పడుతుంది. బోగీ తెగిపోయినా రైలు ఆగుతుంది. మన రైళ్ళలో చైను లాగితే జరిగేదీ ఇదే, గొట్టంలో ఒత్తిడి పోతుంది, బ్రేకు పడుతుంది. వెస్టింగ్‌హౌస్ గొట్టాన్ని పగలకుండా చెయ్యలేదు. పగిలే రోజుని ముందే ఒప్పుకుని, ఆ రోజుకి ఒక మంచి గతి ఏర్పాటు చేశాడు.

హాన్స్ యోనాస్ అనే జర్మన్ తత్వవేత్త 1979లో బాధ్యత మీద రాసిన పుస్తకంలో వాదించింది ఇంచుమించు ఇదే. మన చేతిలో శక్తి పెరిగినప్పుడు, మంచి జరుగుతుందన్న జోస్యంకన్నా చెడు జరుగుతుందన్న జోస్యాన్ని ముందు వినాలంటాడు. బాధ్యతకి ఆయన తీసుకున్న మూల ఉదాహరణ పసిబిడ్డ. అది ఇచ్చిపుచ్చుకునే బంధం కాదు. ఒకరి దగ్గర పూర్తి శక్తి, ఇంకొకరి దగ్గర అవసరం మాత్రమే. ఆయన మనసులో ఉన్నది అణుయుగం, ప్రకృతి, రాబోయే తరాలు. గరాజ్‌లో చెక్క బీరువా కాదు. అయినా ఆ తర్కం ఇక్కడ చక్కగా దిగుతుంది. ప్రేమ ఉన్నవాడు పాముకి వెచ్చగా ఉండాలని కోరుకుంటాడు. బాధ్యత ఉన్నవాడు తన ప్రేమ పాడైపోయే విధానాల జాబితా రాస్తాడు.

ఆ జాబితా వల్ల వచ్చే పనులు మామూలువే. మొదటి థర్మోస్టాట్‌కి వరసలో రెండోది పెట్టి, దాన్ని రెండు మూడు డిగ్రీలు ఎక్కువకి సెట్ చెయ్యాలి. అది రోజూ ఏమీ చెయ్యదు, మొదటిది అతుక్కుపోయిన రోజు కరెంటు తెంచుతుంది. రెండూ ఒకే కంపెనీవి, రెండు ప్రోబులూ ఒకే చోట ఒకే టేపుతో అంటించినవి అయితే, ఒకే కారణానికి రెండూ కలిసి మోసం చేస్తాయి, కాబట్టి వేరుగా ఉంచాలి. వేడి హద్దు దాటితే ఒక్కసారే తెగిపోయే థర్మల్ ఫ్యూజు ఒకటి. ర్యాక్ పైన పొగ అలారం. వీటిలో ఏదీ పాము చూసేది కాదు, ఫోటోలో కనబడేది కాదు.

*

ఆగిపోవడం వైపు పడటమే మంచిదని ఎలా చెప్పగలం? చలి కూడా చంపుతుంది కదా?

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో ఉన్న తెలుగువాళ్ళెవరికీ ఈ ప్రశ్న ఊహాత్మకం కాదు. మంచు తుఫానుకి గ్రిడ్డు చేతులెత్తేసింది, 40 లక్షలకి పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొన్ని చోట్ల రోజుల తరబడి. అలాంటప్పుడు ఎన్ని థర్మోస్టాట్లున్నా ఒకటే. అదే వారం మెక్సికో గల్ఫ్ తీరంలో సముద్ర తాబేళ్ళు చలికి కొయ్యబారి నీళ్ళ మీద తేలాయి. సౌత్ పాడ్రే ఐలండ్‌లో వాలంటీర్లు వాటిని పడవల్లో, కార్లలో తెచ్చి అక్కడి కన్వెన్షన్ సెంటర్ నేల మీద వరసగా పరిచారు. వేల తాబేళ్ళు. కదలని రాళ్ళలా ఉన్న వాటిలో ఎన్నో మెల్లగా వేడెక్కి, తేరుకుని, మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి.

తాబేలు పాము కాదు. అయినా ఈ అసమానత రెండింటికీ వర్తిస్తుంది. చలి ఆలస్యంగా పనిచేస్తుంది. ఎక్కువకాలం ఉంటే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది, తర్వాత చంపుతుంది. కానీ మధ్యలో మనిషి మేలుకోవడానికి, వేడినీళ్ళ సీసా తువ్వాల్లో చుట్టి పెట్టడానికి సమయం ఇస్తుంది. వేడి ఆ సమయం ఇవ్వదు. రాత్రి పదకొండుకి అతుక్కున్న రిలే పొద్దున ఆరుకల్లా పని పూర్తి చేసేస్తుంది. రెండు కీడుల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, దిద్దుకునే అవకాశం మిగిల్చేదాన్ని ఎంచుకోవాలి. ఇది పాములకే కాదు, శిక్షలకీ చట్టాలకీ కూడా వర్తించే సూత్రం అనుకుంటాను. మరణశిక్ష మీద వాదనలో నాకు అన్నిటికన్నా బలంగా తోచే మాట కూడా ఇదే.

*

ఇంతవరకూ చెప్పింది కీడు జరగకుండా చూడటం గురించి. నా మిత్రుడి భాషలో 'కాలిపోకుండా'. కానీ కాలకపోవడం బతకడం కాదు.

మళ్ళీ కౌల్స్, బోగర్ట్ దగ్గరికి వెళ్దాం. సరీసృపానికి కావలసింది 'సరైన వేడి' అనే ఒక అంకె కాదు. తిన్నాక ఒకటి, కుబుసం విడిచే ముందు ఇంకొకటి, గుడ్లతో ఉన్నప్పుడు వేరొకటి. దానికి కావలసింది వెచ్చటి చోటు నుంచి చల్లటి చోటుకి వెళ్ళే దారి. కాబట్టి టబ్బు మొత్తాన్ని కచ్చితంగా 31 డిగ్రీల్లో పెట్టిన ర్యాక్, ఎంత ఖరీదైన థర్మోస్టాట్ ఉన్నా, పాము చేసే పనిని పాము నుంచి లాగేసుకుంది. టేపు అడుగున వెనక మూడోవంతుకే ఉండాలి, మిగతాది చల్లగా వదలాలి అని పాత పెంపకందార్లు చెప్పేది అందుకే. ఆ మాటలో ఉన్న నీతి నాకు ఇలా అర్థమైంది: మనం ఇచ్చే వేడిని అది కాదనగలగాలి. కాదనలేని కానుక కానుక కాదు, వాతావరణం.

థామస్ నేగెల్ 1974లో, గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందో మనం తెలుసుకోలేమని వాదిస్తూ ఒక వ్యాసం రాశాడు. పాము విషయంలో అది ఇంకా నిజం. దానికి కనురెప్పల్లేవు, గొంతులేదు, ముఖంలో భావం లేదు. కుక్కలా మూలగదు. కానీ అది చల్లటి వైపుకి జరిగితే, ఆ జరగడం ఒక వాక్యం. దాని లోపల ఏముందో తెలియకపోయినా, దానికి జాగా ఇస్తే అది చెప్పగలిగింది చెబుతుంది. జాగా లేని టబ్బు దాని నోరు మూసేస్తుంది. తెలుసుకోలేకపోవడం మన తప్పు కాదు, చెప్పే వీలు లేకుండా కట్టడం మాత్రం మన పనే.

ర్యాక్‌లో ఇంకో చిక్కుంది. సాధారణంగా పన్నెండు టబ్బుల టేపులూ ఒకే థర్మోస్టాట్‌కి కలుపుతారు, దానికి ఒకటే ప్రోబ్. వేడి పైకి పోతుంది కాబట్టి పై అరలు వేడిగా, కింది అరలు చల్లగా ఉంటాయి. ప్రోబ్ ఉన్న టబ్బులోని పాము మిగతా పదకొండింటికి ప్రతినిధి అయిపోతుంది. సర్వే మ్యాప్‌లూ, సగటు జీతాలూ, కంపెనీల్లో మనం నింపే సంతృప్తి ఫారాలూ అన్నీ ఈ ఒక్క ప్రోబ్ లాంటివే. కొలిచిన చోట అంతా బాగుంటుంది. నేను వాడికి ఇచ్చిన సలహాల్లో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే: ఒక చవక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనుక్కుని, వారానికోసారి ప్రోబ్ లేని టబ్బుల్ని కొలువు.

మా అమ్మ నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తుంది. ఆ భక్తిని నేను వెక్కిరించను, తనని కాటేయగల జీవి పట్ల మర్యాద చూపించే పండగ ఉన్న సంస్కృతి మీద నాకు గౌరవం ఉంది. కానీ పాలు పాము ఆహారం కాదు. అది మనకి ఇష్టమైన ఆహారం. 'పాముకి పాలు పోసి పెంచినట్టు' అని కృతఘ్నుల గురించి సామెతలా వాడతాం. ఆ ఫిర్యాదులో పాము ఎప్పుడూ నిందితురాలే. పాలు అడిగిందా అని ఎవరూ అడగరు. ఎదుటివాళ్ళకి ఏం కావాలో చూడకుండా మనకి మంచిదనిపించింది ఇచ్చి, తర్వాత కృతజ్ఞత ఆశించడం పాముల దగ్గరే ఆగిపోయే అలవాటు కాదని మన ఇళ్ళలో పెరిగిన వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు.

*

ఇక్కడ న్యాయంగా ఒక అభ్యంతరం వస్తుంది. ఇంత ఆలోచించేవాడు అసలు ర్యాక్ ఎందుకు, పాము ఎందుకు అని అడగాలి కదా? జైలు గది ఉష్ణోగ్రత గురించి మథనపడటం జైలు గురించి మాట్లాడకుండా తప్పించుకోవడం కాదా?

ర్యాక్‌ని సమర్థించే వాళ్ళ వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. బాల్ పైథాన్ బొరియల పాము, ఇరుకు చోట్లని వెతుక్కుంటుంది, పెద్ద గాజు తొట్టి మధ్యలో ఒంటరిగా పెడితే బెదిరి తిండి మానేసేవి ఉన్నాయి. ఇది నిజం. కానీ ఇందులో ఒక జారుడు ఉంది. ఇరుకు చోటుని ఎంచుకోవడం వేరు, ఇరుకు చోటు మాత్రమే ఉండటం వేరు. పుట్ట కూడా ఇరుకే, చీకటే, వెచ్చనే. చెదలు కట్టిన ఆ మట్టి గోడలు పగటి ఎండనీ రాత్రి చలినీ ఏ తీగా లేకుండా మెత్తబరుస్తాయి. కానీ పుట్టకి దారి ఉంది. చీకటి పడ్డాక పాము బయటకొస్తుంది. ర్యాక్ అంటే తలుపు లేని పుట్ట.

బ్రిటన్‌లో 1965లో బ్రాంబెల్ కమిటీ పశువుల కొట్టాల గురించి ఒక నివేదిక ఇచ్చింది. జంతువుకి కనీసం లేచి నిలబడే, పడుకునే, వెనక్కి తిరిగే, ఒళ్ళు శుభ్రం చేసుకునే, కాళ్ళు చాపుకునే స్వేచ్ఛ ఉండాలంది. కాళ్ళు లేని జీవికి అందులో ఆఖరిది ఎలా అనువదించాలి? పాము తన పొడవంతా చాచుకోగలగాలా వద్దా అని పెంచేవాళ్ళ మధ్య ఇప్పటికీ గట్టి వాదన నడుస్తోంది. నా మటుకు నేను చాచుకోగలగాలనే అంటాను. దానికి అది ఇష్టమని నాకు ఎలా తెలుసు అంటే, తెలియదు. తెలియనప్పుడు జాగా ఎక్కువ వైపు పొరపడటం మేలు. థర్మిస్టర్ తీగ తెగినప్పుడు ఆపేసే కోడ్‌లో ఉన్న తర్కమే ఇదీ.

అసలు పాము ఎందుకు అన్న ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. కొత్తగా కొనబోయే వాళ్ళకైతే, వద్దనే చెబుతాను. అందంగా ఉందన్నది 25 ఏళ్ళ బాధ్యతకి చాలిన కారణం కాదు. నా మిత్రుడి ఆరు పాములు మాత్రం ఇప్పటికే ఉన్నాయి. అవి పెంపకంలో పుట్టినవి, వాటికి తిరిగి వెళ్ళడానికి ఏ ఆఫ్రికా లేదు, టెక్సస్ పొదల్లో వదలడం వాటికీ అక్కడి జీవాలకీ ద్రోహం. ఫ్లోరిడా ఎవర్‌గ్లేడ్స్‌లో బర్మీస్ కొండచిలువలు ఏం చేశాయో అందరికీ తెలిసిందే. వాటి విషయంలో 'ఎందుకు' అన్నది మించిపోయిన ప్రశ్న, 'ఎలా' అన్నది ప్రతి రాత్రీ తాజాగా ఉండే ప్రశ్న. మొదటి ప్రశ్నకి తప్పు జవాబిచ్చామని రెండోదాన్ని వదిలేసే హక్కు రాదు.

అందుకే వాడికి చివరికి రాసి పంపింది హీట్ టేపు బ్రాండు పేరు కాదు, ఒక వరస. ముందు టబ్బు కొలతలు: పాము చాచుకునేంత, చల్లటి భాగం ఎక్కువ ఉండేంత. పన్నెండు టబ్బులు పట్టకపోతే ఆరే కట్టు, ఉన్నవి ఆరే కదా. తర్వాత వేడి: వెనక మూడోవంతులో మాత్రమే. తర్వాత థర్మోస్టాట్: ప్రోబ్ తెగితే ఆగిపోయేదే. అది కొనేముందు ప్రోబ్ పీకి చూడు, ఏం చేస్తుందో. తర్వాత రెండోది, తర్వాత ఫ్యూజు, తర్వాత పొగ అలారం. కరెంటు పోయిన రాత్రికి వేడినీళ్ళ సీసాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలియాలి. ఈ వరసలో పాము సౌఖ్యం ముందొచ్చింది, ఇంటి భద్రత తర్వాత, వాడి నిద్ర అన్నిటికన్నా చివర.

"మరి ఇంతా చేస్తే సేఫేనా?" అని అడిగాడు.

కాదు అన్నాను. ఇంతా చేశాక కూడా వారానికోసారి వంగి, ఒక్కో టబ్బూ లాగి చూడాలి.